టెంపరేచర్ ముల్లు ఊగుతుంటే: పానా పట్టే ముందు ఏం చూడాలి

రెండేళ్ల కిందట మే నెలలో ఇంట్లోవాళ్లతో కలిసి కారులో శ్రీశైలం బయలుదేరాను. లింగాలగట్టు దగ్గర వంతెన దాటి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాక, ఎప్పుడూ సగం దగ్గర కదలకుండా ఉండే టెంపరేచర్ ముల్లు ముప్పావు దాకా లేచింది. గుండె గుభేలుమంది. ఏసీ ఆపేలోపే మళ్లీ సగానికి దిగింది. ఇంకో మూడు మలుపులు తిరిగాక మళ్లీ ఎక్కింది, మళ్లీ దిగింది. ఇంటికొచ్చాక ఒక షెడ్డులో వేడిని కొలిచి ముల్లుకు చెప్పే సెన్సార్ మార్చారు, తగ్గలేదు. ఇంకో షెడ్డులో థర్మోస్టాట్ మార్చారు (ఇంజిన్ వేడెక్కాకే కూలెంట్‌ను, అంటే చల్లబరిచే ద్రవాన్ని, రేడియేటర్‌కి వదిలే వాల్వు అది), అయినా తగ్గలేదు. చివరికి దోషం దొరికింది రేడియేటర్ మూతలో. దాని అడుగున రూపాయి బిళ్లంత వాల్వు ఒకటి ఉంటుంది. దాని రబ్బరు గట్టిపడి బిగుసుకుపోయింది.

సెన్సార్‌దీ తప్పు లేదు, థర్మోస్టాట్‌దీ తప్పు లేదు. ముల్లు ఎప్పుడు ఎక్కుతోంది, ఎప్పుడు దిగుతోంది అని ఎవరూ అడగలేదు, నేనూ గమనించి చెప్పలేదు. రోగి నాడి చూడకుండా మాత్రలు మార్చినట్టయింది. మీకు అలా జరగకూడదనే ఇది రాస్తున్నాను. ఖర్చు లేని పనులు ముందు, ఖర్చు పెట్టించేవి తర్వాత, ఆ వరసలోనే వెళ్దాం.

ఇప్పుడే రోడ్డు మీద ముల్లు ఎర్రగీత దగ్గరికి వెళ్తోందా?

అయితే మిగతాది తర్వాత చదవండి. ఏసీ ఆపండి. హీటర్ నాబ్‌ను పూర్తిగా వేడి వైపు తిప్పి బ్లోయర్ ఫుల్‌లో పెట్టండి. ఎండాకాలంలో అది నరకమే, కానీ డ్యాష్‌బోర్డు వెనక ఉన్న హీటర్ కోర్ కూడా ఒక చిన్న రేడియేటరే. ఇంజిన్ వేడిని కొంత లాగేస్తుంది. అద్దాలు దించి, పక్కకి తీసి ఆపండి. ముల్లు దిగకపోతే ఇంజిన్ ఆఫ్ చేయండి. కనీసం అరగంట, వీలైతే ముప్పావుగంట ఆగండి.

ఆ అరగంటలో రేడియేటర్ మూత మీద చెయ్యి వెయ్యకండి. లోపల 100 డిగ్రీలు దాటిన నీళ్లు ఒత్తిడి మీద ఉంటాయి. మూత వదులు కాగానే ఆవిరితో కలిసి ముఖం మీదికి చిమ్ముతాయి. తడిగుడ్డ వేసి తిప్పితే ఏం కాదని చెప్పేవాళ్ల మాట వినకండి. అలాగే కాలిపోతున్న ఇంజిన్ మీద చన్నీళ్లు కుమ్మరించకండి, ఇంజిన్ పైభాగమైన అల్యూమినియం హెడ్ పగలొచ్చు, వంగొచ్చు.

ముల్లు చెప్పే మాట

చాలా కార్లలో ముల్లు ఉన్న వేడిని ఉన్నట్టు చూపించదు. సుమారు 75 నుంచి 105 డిగ్రీల మధ్య ఎక్కడున్నా సగం దగ్గరే నిలబడేలా కంపెనీలే దాన్ని సర్దుతాయి, చిన్న చిన్న కదలికలకు డ్రైవర్ కంగారు పడకుండా. అందుకని అలాంటి కారులో ముల్లు కళ్లకు కనిపించేంత కదిలిందంటే లోపల వేడి చాలానే మారిందని అర్థం. ‘కొంచెమే కదా ఊగుతోంది’ అని వదిలేయకండి. కొన్ని కార్లకు అసలు ముల్లే ఉండదు, చల్లగా ఉంటే నీలం దీపం, మరీ వేడెక్కితే ఎర్ర దీపం, అంతే. అలాంటి కారు మీదైతే స్టీరింగ్ కింద, బండి కంప్యూటర్‌లోని వివరాలు చదవడానికి ఉండే 16 పిన్నుల ఓబీడీ సాకెట్‌లో పెట్టే చిన్న బ్లూటూత్ అడాప్టర్ ఒకటి కొనుక్కోండి. ఫోన్‌లో యాప్ పెట్టుకుంటే కూలెంట్ వేడి అంకెల్లో కనిపిస్తుంది. ముల్లు ఉన్నవాళ్లకు కూడా ఇది మంచి పెట్టుబడే.

ఇక వారం రోజులు ఒక కాగితం దగ్గర పెట్టుకోండి. ముల్లు కదిలిన ప్రతిసారీ బండి ఆపాక రాయండి: బండి ఆగి ఉందా, పరిగెడుతోందా, ఎక్కుడులో ఉందా, ఏసీ వేసి ఉందా, ముల్లు నెమ్మదిగా జరిగిందా, ఒక్కసారిగా ఎగిరిందా. ఈ కాగితమే సగం పని చేసిపెడుతుంది.

పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగితే ఎక్కి, కదలగానే దిగిపోతుంటే అనుమానం ముందు రేడియేటర్ ఫ్యాను మీద. బండి పరిగెడుతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఆగినప్పుడు ఫ్యానే దిక్కు. ఇది తిరగబడి, ఊళ్లో బాగానే ఉండి విజయవాడ హైవే మీద వందలో వెళ్తుంటేనో, ఘాట్ ఎక్కుతుంటేనో లేస్తుంటే, రేడియేటర్ పూడుకుపోయి ఉండొచ్చు, వాటర్ పంపు అరిగి ఉండొచ్చు, థర్మోస్టాట్ సగమే తెరుచుకుంటూ ఉండొచ్చు. హైవే మీద సగం కంటే కిందికి జారి, సిగ్నల్ దగ్గర మామూలుకి వస్తుంటే థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయిందని దాదాపు ఖాయం. ఏ లెక్కా లేకుండా ఎక్కుతూ దిగుతూ ఉంటే, దానితోపాటు డ్యాష్‌బోర్డు వెనక నీళ్లు గలగలమన్న చప్పుడు వస్తుంటే, లోపల గాలి చేరింది. నా కారుకి జరిగింది ఇదే.

ముల్లు క్షణంలో ఎగిరి క్షణంలో పడుతోందా? అది వేడి కాదు, వైరు. ఇంజిన్‌లో నాలుగైదు లీటర్ల కూలెంట్ తిరుగుతుంటుంది. అంత ద్రవం ఒక్క సెకనులో 20 డిగ్రీలు వేడెక్కడమూ సాధ్యం కాదు, చల్లారడమూ సాధ్యం కాదు.

చల్లారిన ఇంజిన్‌తో మొదలు

పొద్దున్నే, రాత్రంతా ఆగిన బండి బానెట్ ఎత్తండి. మీ బండి ఏ రకమో ముందు చూసుకోండి. రేడియేటర్ మీద లోహపు మూత ఉండి, పక్కన పల్చటి ప్లాస్టిక్ బాటిల్ ఉంటే ఒక రకం. రేడియేటర్ మీద మూతే లేకుండా, మందపాటి గట్టి బాటిల్‌కే మర మూత ఉంటే రెండో రకం. రెండో రకంలో ఆ బాటిల్ కూడా ఒత్తిడిలో ఉంటుంది, దాని మూతే ప్రెషర్ మూత.

మొదటి రకం బండి ఉన్నవాళ్లలో చాలామంది బాటిల్‌లో మట్టం చూసి బానెట్ మూసేస్తారు. నేనూ అదే చేశాను, నా బాటిల్ ఎప్పుడూ నిండుగానే ఉండేది. రేడియేటర్ మూత తీసి చూస్తే లోపల నాలుగు వేళ్ల ఖాళీ. చల్లారిన ఇంజిన్‌లో అక్కడ మెడ దాకా కూలెంట్ కనిపించాలి.

ఎందుకలా జరిగిందో చెబుతాను, ఎందుకంటే మూత గురించి పట్టించుకునేవాళ్లు తక్కువ. వేడెక్కినప్పుడు కూలెంట్ ఉబ్బి మూతలోని పెద్ద స్ప్రింగును నెట్టుకుని బాటిల్‌లోకి పోతుంది. చల్లారినప్పుడు లోపల ఏర్పడే ఖాళీ దాన్ని మూత మధ్యలో ఉన్న చిన్న వాల్వు గుండా వెనక్కి పీల్చుకుంటుంది. ఆ చిన్న వాల్వు బిగుసుకుపోతే పోయిన కూలెంట్ తిరిగి రాదు. బదులుగా ఏదో ఒక హోస్ క్లిప్పు సందులోంచి గాలి లోపలికి పోతుంది. రోజూ కొంచెం కొంచెంగా బాటిల్ నిండుతుంది, రేడియేటర్ ఖాళీ అవుతుంది. ఆ గాలిబుడగ సెన్సార్ దగ్గరికి వచ్చినప్పుడు ముల్లు ఒక రకంగా, కూలెంట్ వచ్చినప్పుడు ఇంకో రకంగా చూపిస్తుంది. దీనికి గుర్తు: రాత్రి ఆపిన బండిలో పొద్దున్న రేడియేటర్ పై హోస్ పైపు చప్పిడిపోయి, పీల్చేసిన మామిడిపండు తొక్కలా లోపలికి నొక్కుకుని ఉంటుంది.

పెద్ద స్ప్రింగు బలహీనపడినా ఇబ్బందే. సగం నీళ్లు, సగం కూలెంట్ కలిపిన మిశ్రమం మామూలుగా సుమారు 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత ఒత్తిడి నిలబెడితే 120 దాటినా మరగదు. స్ప్రింగు చచ్చుబడితే ఆ రక్షణ పోయి, ఘాట్‌లో కూలెంట్ మరిగి ఆవిరి అవుతుంది. మూత మీద 0.9 అనో 1.1 అనో ఒత్తిడి అంకె ఉంటుంది. కొత్తది కొనేటప్పుడు మీ బండికి కంపెనీ చెప్పిన అంకే ఉండాలి. ‘ఎక్కువది వేస్తే ఇంకా మంచిది’ అనుకుంటే పాత హోస్ పైపులు పగులుతాయి. మొత్తం ఈ వ్యవస్థలో చవకైన భాగాల్లో మూత ఒకటి. అనుమానం ఉంటే ముందు అదే మార్చండి.

కూలెంట్ తగ్గిందంటే ఎటు పోయిందో వెతకండి. హోస్ పైపుల అతుకుల దగ్గర, వాటర్ పంపు కింద, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అంచుల్లో ఎండిన తెల్లటి మరకో, కూలెంట్ రంగు చారికో కనిపిస్తుంది. ముందు సీటు పక్కన కాళ్ల కింద మ్యాట్ తడిగా, తియ్యటి వాసనతో ఉంటే హీటర్ కోర్ కారుతోంది. ఈ తియ్యదనం గురించే ఒక హెచ్చరిక: మామూలు కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. నేల మీద ఒలికితే వెంటనే కడిగేయండి. కుక్కలు, పిల్లలు నాకే ప్రమాదం ఉంది. మిగిలింది ఎప్పుడూ కూల్‌డ్రింకు సీసాలో పోసి ఉంచకండి.

బోరు నీళ్లు మాత్రం పోయకండి. మన దగ్గర చాలాచోట్ల బోరు నీళ్లు ఎంత కఠినమో బాత్రూం గీజర్ కాయిల్ చూస్తే తెలుస్తుంది, అదే సున్నపు పెంకు రేడియేటర్ సన్నటి గొట్టాల్లో కూడా కడుతుంది. బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి, లేదా రెడీమిక్స్ కూలెంట్ కొనండి. ‘మనకు మంచు పడదు కదా, కూలెంట్ దేనికి’ అని అడిగేవాళ్లున్నారు. గడ్డకట్టకుండా చూడడం దాని పనుల్లో ఒకటి మాత్రమే, తుప్పు పట్టకుండా కాపాడడం, మరిగే వేడిని పెంచడం మనకు కావలసిన పనులు. రంగు చూసి కూలెంట్ కలపకండి. ఒకే రంగులో వేర్వేరు రకాలు ఉంటాయి, పడని రెండు కలిస్తే లోపల జిగురులా పేరుకోవచ్చు. ఓనర్స్ మాన్యువల్‌లో ఏ రకం రాసి ఉంటే అదే.

గాలి తీయడం

కూలెంట్ మార్చాక, హోస్ పైపు విప్పాక, థర్మోస్టాట్ మార్చాక ముల్లు ఊగడం మొదలైతే నూటికి తొంభై వంతులు లోపల ఎయిర్‌లాక్ అయి ఉంటుంది. ఈ పని ఇంట్లోనే చేసుకోవచ్చు. ఓపిక కావాలి.

ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు బండి ముక్కు ఎత్తుగా ఉండేలా ఏటవాలు మీద ఆపండి. గేటు ముందు ర్యాంపు సరిపోతుంది. హ్యాండ్‌బ్రేక్ వేసి వెనక చక్రాలకు రాళ్లు పెట్టండి. హీటర్ నాబ్ పూర్తిగా వేడి వైపు తిప్పండి, కొన్ని బండ్లలో హీటర్‌కి వెళ్లే వాల్వు అప్పుడే తెరుచుకుంటుంది. మూత తీసి మెడ దాకా నెమ్మదిగా పోయండి. మీ ఇంజిన్‌కి గాలి తీసే స్క్రూ ఉంటే, బుడగలు లేకుండా కూలెంట్ ధారగా వచ్చేదాకా దాన్ని వదులుగా ఉంచి తర్వాత బిగించండి.

మూత తీసే ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేయండి. పై హోస్ పైపునూ కింది హోస్ పైపునూ చేత్తో పిండుతూ ఉండండి, బుడగలు బుడబుడమంటూ పైకి వస్తాయి. ఫ్యాను బ్లేడ్లకు, బెల్టుకు చేతులు, కండువా, చున్నీ దూరంగా ఉంచండి. పది, పదిహేను నిమిషాల తర్వాత థర్మోస్టాట్ తెరుచుకోగానే మట్టం ఒక్కసారిగా పడిపోతుంది. అప్పుడు మళ్లీ పోయాలి. మెడ దగ్గర పొంగి వస్తుంటే ఇంజిన్ ఆపి ఆగండి. బుడగలు ఆగి, డ్యాష్‌బోర్డులోంచి వేడిగాలి నిలకడగా వస్తుంటే గాలి పోయినట్టే. మూత బిగించి, ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఇంజిన్ నడవనివ్వండి. రెండో రకం బండ్లలో గాలి చాలావరకు దానంతటదే బాటిల్‌కి చేరుతుంది, అయినా ముక్కు ఎత్తి చేయడం మంచిదే.

ఫ్యాను

ఇంజిన్ నడుస్తుండగా ఏసీ వేయండి. చాలా కార్లలో కొద్ది సెకన్లలో ఫ్యాను తిరగాలి. తిరిగితే మోటార్ బతికే ఉంది. తర్వాత ఏసీ ఆపి, బండి నిలబెట్టి ఇంజిన్ వేడెక్కనివ్వండి. సుమారు 95 నుంచి 100 డిగ్రీల మధ్య ఫ్యాను దానంతటదే మొదలవ్వాలి. ఏసీకి తిరిగి వేడికి తిరగకపోతే సెన్సార్, వైరింగ్, రిలే చూడాలి. దేనికీ తిరగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే (ఫ్యానుకు కరెంటు వదిలే చిన్న స్విచ్చు డబ్బా) చూడండి. ఫ్యూజు బాక్సులో అదే నంబరున్న హారన్ రిలేతో మార్చి చూస్తే అరనిమిషంలో తేలిపోతుంది. ఒకసారి తిరిగి ఒకసారి తిరగకుండా ఉండే ఫ్యాను మోటార్‌ను చెక్కపిడితో మెల్లగా తట్టండి. తట్టగానే తిరిగితే లోపలి కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయి. ఇంజిన్ ఆపినా కొన్ని కార్లలో ఫ్యాను హఠాత్తుగా తిరుగుతుంది, కాబట్టి దగ్గర చెయ్యి పెట్టాలంటే బ్యాటరీ వైరు తీసేయండి.

బొలెరో, ఇన్నోవా లాంటి పెద్ద డీజిల్ బండ్లలో ఫ్యాను ఇంజిన్‌తోనే తిరుగుతుంది, మధ్యలో విస్కస్ క్లచ్ (చిక్కటి ద్రవంతో ఫ్యానును పట్టి తిప్పే భాగం) ఉంటుంది. ఇంజిన్ ఆపి ఫ్యానును చేత్తో తిప్పితే కొంచెం బిగువుగా తిరగాలి. ఒక తోపుకి గిరగిరా నాలుగైదు చుట్లు తిరిగితే క్లచ్ పోయినట్టే.

థర్మోస్టాట్: తీసి పారేయకండి

‘మన ఎండలకు ఇది అక్కర్లేదన్నా, తీసేస్తే బండి చల్లగా ఉంటుంది’ అని థర్మోస్టాట్ తీసేసి పైపు బిగించే షెడ్లు చాలా ఉన్నాయి. దయచేసి ఒప్పుకోకండి. ఇంజిన్ సరైన వేడికి రాకపోతే కంప్యూటర్ ఇంకా చలిలోనే ఉందనుకుని ఎక్కువ పెట్రోల్ పంపుతుంది, మైలేజీ పడుతుంది, ఆయిల్‌లో తేమ చేరుతుంది. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ పక్కదారిని మూసే పని కూడా చేస్తుంది. అది లేకపోతే కూలెంట్ రేడియేటర్‌కి పోకుండా ఇంజిన్‌లోనే తిరిగి ఇంకా వేడెక్కుతుంది.

అది పనిచేస్తోందో లేదో చేత్తో చెప్పవచ్చు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి రేడియేటర్ పై హోస్ పైపును అప్పుడప్పుడు తాకి చూడండి. చాలాసేపు చల్లగా ఉండి, తర్వాత ఒక్కసారి కాలేంత వేడెక్కితే బాగున్నట్టు. మొదటి నిమిషం నుంచే కొంచెం కొంచెంగా గోరువెచ్చనవుతుంటే తెరుచుకుని ఉండిపోయింది. ముల్లు ఎర్రగీత వైపు వెళ్తున్నా పైపు చల్లగానే ఉంటే మూసుకుని ఉండిపోయింది. వెంటనే ఇంజిన్ ఆపండి. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ కింది పైపు దగ్గర ఉంటుంది, అక్కడ ఈ తేడా కింది పైపులో కనిపిస్తుంది.

విప్పాక అనుమానం తీర్చుకోవాలంటే వంటకు వాడని పాత గిన్నెలో నీళ్లు పోసి, దారం కట్టి అడుగు తగలకుండా వేలాడదీసి వేడిచేయండి. థర్మోమీటర్ పెట్టి చూడండి. లోపలి మైనం కరిగి ఉబ్బినప్పుడు వాల్వు తెరుచుకుంటుంది. దాని మీద 82 అనో 88 అనో ముద్రించిన వేడి దగ్గర కదలడం మొదలుపెట్టి, నీళ్లు మరిగేలోపు బాగా తెరుచుకోవాలి. చల్లటి నీళ్లలో వేస్తే మూసుకోవాలి. సగంలో ఇరుక్కుని, ఉన్నట్టుండి టక్కున తెరుచుకునేదే ముల్లును ఊపే థర్మోస్టాట్. కొత్తది బిగించేటప్పుడు దాని అంచున కదిలే చిన్న పిన్ను ఉంటే అది పైవైపు రావాలి, గాలి అక్కడినుంచే పోతుంది. కొత్త గ్యాస్కెట్ తప్పనిసరి. తర్వాత పైన చెప్పినట్టు గాలి తీయండి.

రేడియేటర్, పంపు

రేడియేటర్ ముందు ఏసీ కండెన్సర్ ఉంటుంది. ఈ రెండింటి మధ్య సందులో దూది, ఎండుగడ్డి, పురుగులు, దుమ్ము చేరి కంబళిలా పరుచుకుంటాయి. పత్తి లారీల వెనక తిరిగే బండ్లకు, వరికోతల్లో ఊళ్లలో తిరిగే బండ్లకు ఇది ఎక్కువ. ముందునుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది. టార్చ్ వేసి పైనుంచి సందులోకి చూడండి. ఇంజిన్ వైపునుంచి బయటికి మామూలు పైపుతో నీళ్లు కొట్టండి. సర్వీసింగ్ సెంటర్ ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే సన్నటి రెక్కలు మడతపడి గాలి దారి ఇంకా మూసుకుపోతుంది. లోపల పూడుకుపోయిందా అన్నది తెలియాలంటే వేడి ఇంజిన్ ఆపేసి, రేడియేటర్ మీద అక్కడక్కడ ఇన్‌ఫ్రారెడ్ థర్మోమీటర్ పెట్టి చూడండి. వేడి ఒక వైపునుంచి రెండో వైపుకి మెల్లగా తగ్గుతూ రావాలి. మధ్యలో హఠాత్తుగా చల్లటి గీతలు కనిపిస్తే ఆ గొట్టాలు మూసుకుపోయాయి.

వాటర్ పంపు అయితే కింద చిన్న రంధ్రంలోంచి కారుతుంది, లేదా కీచుమంటుంది. బెల్టు వదులైతే బిగించండి. టైమింగ్ బెల్టుతో తిరిగే పంపు అయితే బెల్టు మార్చేటప్పుడే దాన్నీ మార్చేయండి, రెండుసార్లు లేబర్ ఎందుకు.

ఎగిరే ముల్లు

ఓబీడీ యాప్‌లో అంకె నిలకడగా ఉండి ముల్లు మాత్రమే ఎగురుతుంటే తప్పు మీటర్ బోర్డులోనో దాని వైరులోనో ఉంది. రెండూ ఎగురుతుంటే సెన్సార్ ప్లగ్గు విప్పి చూడండి: పచ్చటి తుప్పు, వంగిన పిన్ను, ఎలుక కొరికిన వైరు. యాప్‌లో మైనస్ 40 కనిపిస్తే ఆ వైరు తెగినట్టే. హెడ్‌లైట్ వేసినప్పుడు ముల్లు జరుగుతుంటే బాడీకి బిగించిన ఎర్త్ వైరు విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది బిగించండి. సెన్సార్‌ను మల్టీమీటర్‌తో చూస్తే, చాలా కార్లలో 20 డిగ్రీల దగ్గర 2 నుంచి 3 కిలో ఓమ్‌లు, 80 దగ్గర 300 ఓమ్‌ల చుట్టుపక్కల ఉంటుంది. వేడి పెరిగే కొద్దీ అంకె మెల్లగా తగ్గాలి, మధ్యలో గెంతకూడదు. యాప్‌లో పి0128 అనే తప్పు కోడ్ ఉంటే ఇంజిన్ అనుకున్న వేడికి రావడం లేదని, థర్మోస్టాట్ వైపు చూడమని అర్థం. పి0117, పి0118 సెన్సార్ వైరింగ్‌వి.

అన్నీ చూశాక కూడా తగ్గకపోతే

గాలి తీసిన ప్రతిసారీ మళ్లీ గాలి చేరుతోందా? కారడం ఎక్కడా కనిపించకుండా కూలెంట్ తగ్గుతోందా? చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన నిమిషంలోనే హోస్ పైపు రాయిలా గట్టిపడుతోందా? అయితే హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కీ కింది ఇంజిన్ బ్లాక్‌కీ మధ్య ఉండే పల్చటి పొర) పాడైపోయి, సిలిండర్‌లోని మంట గ్యాసు కూలెంట్‌లోకి దూరుతోందేమో. చల్లగా ఉన్నప్పుడే మూత తీసి స్టార్ట్ చేస్తే మెడ దగ్గర ఆగకుండా బుడగలు వస్తాయి. ఆయిల్ మూత కింద పాలు కలిపిన టీలాంటి నురగ, సైలెన్సర్‌లోంచి ఇంజిన్ వేడెక్కాక కూడా తగ్గని తెల్లటి పొగ దీనికి తోడు. మూత కింద కొంచెం నురగ ఒక్కటే ఉంటే భయపడకండి, చిన్న చిన్న దూరాలే తిరిగే బండిలో తేమ వల్ల కూడా వస్తుంది.

ఇది ఇంట్లో చేసే పని కాదు. మెకానిక్‌ను రెండు విషయాలు అడగండి. విప్పే ముందు నీలం రంగు ద్రవంతో చేసే గ్యాస్ టెస్టు చేయమనండి, కూలెంట్‌లో మంట గ్యాసు ఉంటే అది పసుపుకి తిరుగుతుంది. హెడ్ విప్పాక అది వంగిందో లేదో చూసి, అవసరమైతే లేత్‌లో ఫేసింగ్ చేయించి (అంటే చదును చేయించి), కొత్త గ్యాస్కెట్‌తో కంపెనీ చెప్పిన టార్క్‌కే (బిగింపు బలానికే) బోల్టులు బిగించమనండి. ఈ స్థితిలో ‘ఊరు వెళ్లొచ్చాక చేయిద్దాం’ అనుకుని ఘాట్ ఎక్కితే గ్యాస్కెట్‌తో పోయేది హెడ్ దాకా పోతుంది.

ఏ మరమ్మతు చేసినా మర్నాడు పొద్దున్నే, చల్లగా ఉండగా, మూత తీసి మట్టం చూడండి. తగ్గి ఉంటే నింపండి. మూడు రోజులు వరసగా ఇలాగే చూడండి. మూడో రోజు మట్టం కదలకుండా ఉంటే ఏసీ వేసుకుని ఒక గంట ట్రాఫిక్‌లో, ఒక గంట హైవే మీద తిప్పండి, యాప్‌లో అంకె చూసే పని పక్కన కూర్చున్నవాళ్లకు అప్పగించండి. నా కారు కొత్త మూతతో, గాలి తీసిన కూలెంట్‌తో మరుసటి నెలలో అదే ఘాట్ ఎక్కింది. లింగాలగట్టు నుంచి పైదాకా ముల్లు సగం గీత మీదే ఉంది.